మత్రా చెప్పే పాఠం

మస్కట్ వచ్చిన తెలుగువాడు మొదట చూసేది మత్రా సూక్. నేనూ అంతే. సాంబ్రాణి పొగ, వెండి కొట్లు, గుడ్డల దుకాణాలు, ఇరుకు సందులు చూడగానే మా ఊరి పాత బజారు గుర్తొచ్చింది. అక్కడి నుంచి సముద్రం వెంబడి కొంచెం ముందుకెళితే పాత మస్కట్. అక్కడ చీకటి పడితే మనిషి అలికిడి ఉండదు. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్ళ తలరాతలు ఇంత వేరుగా ఎందుకున్నాయి?

పూర్వం మస్కట్ పాలనకు, మత్రా వ్యాపారానికి పేరు. జలాలీ, మిరానీ కోటలు కాపలాగా ఉన్న మస్కట్‌ను 1650లో ఒమానీలు పోర్చుగీసువారి నుంచి గెలుచుకున్నారు. 1970 దాకా రాత్రిపూట నగర ద్వారాలు మూసేవారు. ఆపైన వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే! మనదేశపు వర్తకులు అప్పటికే ఇక్కడ పాతుకుపోయారు. కచ్ నుంచి వచ్చిన ఖిమ్జీ రామ్‌దాస్ కుటుంబ వ్యాపారం 1870లో మొదలైంది.

1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక దేశం రూపురేఖలు మారాయి. 1973లో సీబ్‌లో విమానాశ్రయం వచ్చింది. పాత విమానాలు దిగిన రువీలో బ్యాంకులు, ఆఫీసులు లేచాయి. పాత మస్కట్‌లో రాజభవనం, కార్యాలయాలు, 2016లో నేషనల్ మ్యూజియం వెలిశాయి. అద్దంలా ఉంటుంది, కానీ సాయంత్రం అక్కడికి వెళ్ళడానికి మామూలు మనిషికి పని లేదు.

మత్రాకూ గండాలు తప్పలేదు. 2007 జూన్‌లో గోను తుఫాను ముంచెత్తింది. 2014లో సరుకు ఓడలు సోహార్ రేవుకు తరలిపోయాయి. అయినా బజారు బతికింది. కారణం ఒక్కటే: పండగ వస్తే ఒమానీ కుటుంబాలు గుడ్డలకు, వెండికి, సాంబ్రాణికి ఇప్పటికీ అక్కడికే వస్తాయి. టూరిస్టులు వస్తారు, పోతారు. ఇంటి అవసరం కోసం వచ్చేవాడే మళ్ళీ మళ్ళీ వస్తాడు.

మన చార్మినార్ చుట్టూ, విజయవాడ వన్‌టౌన్‌లో, రాజమండ్రి మెయిన్ రోడ్డులో బాగుచేతల మాట వచ్చినప్పుడల్లా నాకు మత్రా గుర్తొస్తుంది. రంగులు వేయండి, దీపాలు పెట్టండి, కాదనను. కానీ ముందు అక్కడి చిన్న కొట్టు కదలకుండా చూడండి. కొట్టు ఉంటే జనం వస్తారు. జనం ఉంటేనే అది ఊరు, లేకపోతే మ్యూజియం.