గగనతలంలో ధూళికణాల కొలత – ఉత్తర కోస్తా జిల్లాలకు దాని ప్రాధాన్యం

గాలిలో తేలియాడే అతి సూక్ష్మమైన ఘన, ద్రవ కణాలను శాస్త్రజ్ఞులు ఏరోసాల్స్‌గా వ్యవహరిస్తారు. సముద్రపు లవణం, నేల నుంచి లేచే ధూళి, వాహనాల పొగ, కట్టెలు, పంట వ్యర్థాల దహనం వలన వెలువడే మసి వీటిలో ముఖ్యమైనవి. తూర్పు కనుమలకు, బంగాళాఖాతానికి మధ్య నెలకొన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గాలిలో నేలపై పుట్టిన కణాలు, సముద్రం నుంచి వచ్చిన కణాలు రెండూ కలుస్తాయి. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోకి వచ్చిన రాష్ట్రంలోని 13 నగరాలలో ఈ రెండు జిల్లా కేంద్రాలు కూడా ఉన్నవి. ఈ దృష్ట్యా నేలపై కొలతకు, విమానం నుంచి చేసే కొలతకు గల భేదాన్ని గుర్తించడం అవసరం.

విమానం ఎందుకు?

నేలపై అమర్చిన పరికరం తన చుట్టూ ఉన్న గాలిని మాత్రమే కొలుస్తుంది. సూర్యకాంతి తగ్గుదలను కొలిచే పరికరం నేల నుంచి వాతావరణం పై అంచు వరకు గల కణాల మొత్తం ప్రభావాన్ని సూచిస్తుంది. ఏ ఎత్తులో ఎంత ఉన్నదీ ఈ రెండింటి వలన తెలియదు. మసి సూర్యకాంతిని పీల్చుకొని తానున్న పొరను వేడెక్కిస్తుంది, నేలకు చేరే కాంతిని తగ్గిస్తుంది. వేడెక్కే పొర ఎత్తును బట్టి గాలి పైకి లేచే తీరు, మేఘాలు ఏర్పడే తీరు మారగలవు. నైరుతి రుతుపవనాలపై ఆధారపడి ఖరీఫ్ వరి సాగయ్యే ప్రాంతాలకు ఇది ప్రాధాన్యం గల విషయం.

2006 పరిశోధన, తదుపరి యాత్రలు

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2006 మార్చి నుంచి మే వరకు ‘ఇకార్బ్’ పేరిట సమగ్ర పరిశోధన నిర్వహించింది. నేలపై కేంద్రాలు, సాగర్ కన్య నౌక, విమానం ఏకకాలంలో కొలతలు సేకరించాయి. హైదరాబాదులోని అప్పటి జాతీయ దూర సంవేదన సంస్థకు చెందిన సూపర్ కింగ్ ఎయిర్ విమానం భువనేశ్వర్, చెన్నై తదితర స్థావరాల నుంచి ఎగిరింది. నేలపై కేంద్రాలలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఒకటి. ఉభయ జిల్లాల తీరం భువనేశ్వర్, విశాఖపట్నాల నడుమ ఉన్నది.

2008లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం వేసవిలో కణాల పొరలు భూమికి చాలా ఎత్తున కనిపించాయి. కొన్ని ప్రాంతాలలో కణాల మొత్తం ప్రభావంలో 50 నుంచి 70 శాతం మేఘాలకు పైన ఉన్న కణాల వలన కలిగినదే. 2009లో పుణెకు చెందిన భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ మేఘాలు, కణాలపై చేపట్టిన పరిశోధనలో హైదరాబాదు ఒక స్థావరం. 2016 జూన్‌లో జోధ్‌పూర్, వారణాసిలతో పాటు భువనేశ్వర్ నుంచి మరల విమాన కొలతలు జరిగాయి.

కొలిచే విధానం

బయటి గాలి ఒక గొట్టం ద్వారా విమానంలోని పరికరాలకు చేరుతుంది. గొట్టంలోకి ప్రవేశించే గాలి వేగం విమాన వేగానికి సరిపోని పక్షంలో పెద్ద కణాల లెక్క తప్పుతుంది. ఏథలోమీటర్ అను పరికరం గాలిని వడపోత పట్టీ గుండా లాగి, పట్టీపై ఏర్పడిన నల్లని మచ్చ ఎంత కాంతిని అడ్డగించినదీ లెక్కించి మసి పరిమాణాన్ని తెలుపుతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో కంటే సుమారు 30 శాతం తక్కువ కావున లెక్కలో సవరణ తప్పనిసరి. లైడార్ లేజర్ కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతి ఆధారంగా పొరల ఎత్తును గుర్తిస్తుంది.

అంకెల వినియోగంలో జాగ్రత్త

2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం 2.5 మైక్రాన్ల లోపు కణాలు ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు, వార్షిక సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ఈ పరిమితి ప్రజలు పీల్చే గాలికి సంబంధించినది. గగనతలంలోని అంకెలను దీనితో పోల్చి ఒక పట్టణం గాలి మంచిదని గాని, చెడ్డదని గాని నిర్ధారించరాదు. అదేవిధంగా కొద్ది రోజుల విమానయాత్ర ఫలితాన్ని ఏడాది పొడవునా వర్తించే జిల్లా సగటుగా పేర్కొనరాదు. పట్టణ కాలుష్య నియంత్రణకు నేలపై నిరంతర కొలత, వాతావరణ, రుతుపవన అధ్యయనానికి ఎత్తుల వారీ కొలత ఆధారం కావలసి ఉన్నవి.