షాంపేన్ ప్రాంతము

షాంపేన్ ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగములో, పారిస్ నగరమునకు తూర్పున ఉన్న ద్రాక్షతోటల ప్రాంతము. ఇక్కడ తయారయ్యే బుడగల వైన్‌కు కూడా ఇదే పేరు. రీమ్స్, ఎపెర్నే ఇక్కడి ముఖ్య పట్టణములు. తోటల విస్తీర్ణము సుమారు 34,000 హెక్టార్లు. ఏ వాలులో ఏ ద్రాక్ష వేయాలన్నది ఇక్కడి చలి, నేల నిర్ణయిస్తాయి.

వాతావరణము

ఈ ప్రాంతము దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశము వద్ద ఉన్నది. చలి వలన కాయలు నెమ్మదిగా పండుతాయి; వాటిలో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. మామూలు వైన్‌కు ఇది లోపమే గాని బుడగల వైన్‌కు ఇదే బలము. తయారైన వైన్‌కు కొంత చక్కెర, ఈస్టు చేర్చి సీసాలో రెండవసారి పులియబెడతారు. అప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువే బుడగలుగా వెలువడుతుంది. నిబంధనల ప్రకారము సీసాలు కనీసము 15 నెలలు నిల్వ ఉండాలి. అంతకాలము వైన్ తాజాదనము చెడకుండా పులుపు కాపాడుతుంది.

నేల

చాలా వాలులలో పైమట్టి కింద సుద్దరాయి ఉన్నది. ఇది ప్రాచీన సముద్రజీవుల అవశేషములతో ఏర్పడినది. వాననీటిని పీల్చుకొని, పొడి కాలములో వేళ్ళకు అందిస్తుంది. రీమ్స్‌లోని పాత సుద్ద గనులు ఏడాది పొడవునా చల్లగా ఉండుట వలన సీసాలు నిల్వచేసే నేలమాళిగలైనవి. 2015లో ఇక్కడి కొండవాలులు, వైన్ గృహములు, నేలమాళిగలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి.

ద్రాక్ష రకములు

* పినో నువార్: నల్ల ద్రాక్ష. రీమ్స్ కొండ వాలులలోను, దక్షిణాన సున్నము కలిసిన బంకనేలలు గల కోట్ దె బార్‌లోను ఎక్కువ. వైన్‌కు నిండుదనము ఇస్తుంది.
* మ్యూనియే: ఇదీ నల్లదే. చలిగాలి దిగి నిలిచే మార్న్ లోయలో ఎక్కువ. ఆలస్యముగా చిగురిస్తుంది గనుక వసంతకాలపు మంచు బారినుండి తరచు తప్పించుకుంటుంది.
* షార్డొనే: తెల్ల ద్రాక్ష. ఎపెర్నేకు దక్షిణాన ఉన్న కోట్ దె బ్లాన్ సుద్దవాలులు దీని నెలవు. సున్నితమైన సువాసన, పులుపు దీని గుణములు.

నల్ల ద్రాక్షలో రంగు తొక్కలోనే ఉంటుంది. అందువలన గుత్తులను చేతితోనే కోసి, చితకకుండా తెచ్చి, మెల్లగా పిండుతారు. ఆ రసముతో తెల్లని వైన్ తయారవుతుంది.

ఎల్లల వివాదము

షాంపేన్ పేరుతో అమ్మగలిగితేనే రైతుకు మంచి ధర. 1908లో ప్రభుత్వము ఎల్లలు నిర్ణయించినపుడు కోట్ దె బార్ ఉన్న ఓబ్ జిల్లాను వెలుపల ఉంచినది. మరోవైపు, వ్యాపారులు బయటి ద్రాక్షతో షాంపేన్ చేస్తున్నారని మార్న్ జిల్లా రైతులు ఆగ్రహించారు. 1911లో ఇరుజిల్లాలలోను ఆందోళనలు చెలరేగినవి. మార్న్‌లో నేలమాళిగలు ధ్వంసమైనవి. అదే సంవత్సరము ఓబ్‌ను రెండవ తరగతి ప్రాంతముగా గుర్తించారు. 1927 చట్టముతో ఆ భేదము తొలగినది.

నేటి సమస్య

పూర్వము సెప్టెంబరు చివరలో మొదలయ్యే కోత 2003 తరువాత పలుమార్లు ఆగస్టులోనే మొదలైనది. వేడికి కాయలు త్వరగా పండి పులుపు తగ్గుతున్నది. తొందరగా చిగురించిన తీగలకు మంచు ప్రమాదము కూడా పెరిగినది. పులుపు నిలుపుకొనే అర్బాన్, పెటీ మెలియే అనే పాత రకములను కొందరు రైతులు మరల నాటుతున్నారు.