గోమార్ల ద్వారా సోకే వైరస్ జ్వరాలు

పశువుల ఒంటిని కరిచి పట్టుకుని రక్తం పీల్చే గోమార్లు (పిడుదులు) కొన్ని వైరస్‌లను మనుషులకూ అంటిస్తాయి. భారతదేశంలో వీటివల్ల వచ్చే జ్వరాల్లో ముఖ్యమైనవి కయాసనూరు అటవీ వ్యాధి, క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం. కృష్ణా డెల్టా ఈ జ్వరాలకు పుట్టిల్లు కాదు. కానీ వరి కోతలయ్యాక మెట్ట ప్రాంతాల గొర్రెల మందలు డెల్టా పొలాల్లోకి దిగుతాయి. ఎరువు కోసం రైతులు వాటిని చేలల్లో మంద కట్టించుకుంటారు. పశువు మీది గోమారిని చేత్తో పీకి గోళ్ళతో నలిపేయడం కాపరులకు, పాడి రైతులకు రోజూ ఉండే పనే. దాన్ని పశువుకు పట్టిన పీడగానే చూస్తారు తప్ప తమకూ ముప్పని అనుకోరు.

ఇలాంటి వైరస్‌కు తెలుగువారికి దగ్గరి ఆనవాలు గంజాం జిల్లాలో దొరికింది. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ జిల్లాలో, బరంపురం చుట్టుపక్కల, తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 1950ల మధ్యలో అక్కడి మేకల మీది గోమార్ల నుంచి వేరుచేసిన వైరస్‌కు గంజాం అనే పేరే పెట్టారు. ఆఫ్రికాలో గొర్రెల మందలను తుడిచిపెట్టే నైరోబీ గొర్రె వ్యాధి వైరస్సూ ఇదీ ఒకటేనని 2002లో జన్యు పరిశీలన తేల్చింది. దీనితో పనిచేసిన ప్రయోగశాల సిబ్బందిలో కొందరికి జ్వరం సోకింది.

మనుషులను ఎక్కువగా బాధించింది కయాసనూరు వ్యాధి. 1957లో నేటి కర్ణాటకలోని షిమోగా జిల్లా సొరబ తాలూకా అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపడ్డాయి. కట్టెలకు, మేతకు ఆ అడవికి వెళ్ళినవారు జ్వరాన పడ్డారు. ఆ ఊళ్ళవారు దీన్ని కోతి జబ్బు అన్నారు, ఆ మాట నిజమైంది. పుణె వైరస్ పరిశోధన కేంద్రం నుంచి టెల్‌ఫర్డ్ వర్క్ బృందం వచ్చినప్పుడు పచ్చజ్వరమేమోనన్న భయం ఉండేది. పరీక్షిస్తే రష్యా అడవుల్లోని మెదడువాపు వైరస్‌కు దగ్గరి చుట్టమని తేలింది. ఒక్కసారిగా తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కొందరికి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం. సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు చనిపోతారు. వైరస్‌ను చంపే మందు లేదు. మనిషి నుంచి మనిషికి ఇది పాకదు.

అడవి అంచును కదిపినచోటల్లా ఇది బయటపడింది. 2012 నుంచి 2016 మధ్య బందీపూర్, నీలగిరి, వయనాడ్, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ్ వరకూ కనిపించింది. ఏళ్ళ తరబడి వేసిన టీకా సరిగా రక్షణ ఇవ్వడం లేదని 2022లో ఆపేశారు. అప్పటి నుంచి భారమంతా జాగ్రత్త చెప్పడం మీదే పడింది: అడవికి వెళ్ళేముందు కాళ్ళకూ చేతులకూ గోమార్లను దూరంగా ఉంచే డీఈపీఏ నూనె రాసుకోవడం, చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోకుండా కబురు చేయడం. ఆ కబురు అందిన వెంటనే కదిలే యంత్రాంగం లేకపోతే ఎంత ప్రచారం చేసినా అది గోడమీది రాతగానే మిగిలిపోతుంది.

క్రిమియన్ కాంగో జ్వరం దారి వేరు. ఇది రక్తం ద్వారా కూడా సోకుతుంది. 2011 జనవరిలో గుజరాత్‌లోని కోలాట్ గ్రామంలో దేశంలో తొలిసారి నిర్ధారణ అయినప్పుడు, రోగికి వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా ప్రాణాలు కోల్పోయారు. పశువులో లక్షణాలేవీ కనబడవు కాబట్టి కబేళా కార్మికులకు, పశువైద్యులకు ప్రమాదం ఎక్కువ. ఒమన్, ఎమిరేట్స్‌లోనూ ఈ జ్వరం ఉంది. అక్కడ గొర్రెలు, ఒంటెలు కాసే తెలుగు వలసకూలీలకు బయల్దేరేముందే ఈ సంగతి చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో తరచూ వినిపించే స్క్రబ్ టైఫస్‌ను చాలామంది ఈ గోమారి జ్వరాలతో కలిపేస్తారు. అది బ్యాక్టీరియా జబ్బు. దాన్ని మోసేది కంటికి కనిపించీ కనిపించని చిన్న పురుగు. సకాలంలో ఇస్తే డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. గోమారి వైరస్‌లకు ఆ మందు పనికిరాదు. అందుకే జ్వరంతో వచ్చిన కాపరి తాను మందలో తిరిగానని, గోమారి కరిచిందని డాక్టరుకు చెప్పడం, చెప్పకపోతే డాక్టరే అడగడం అవసరం. చర్మానికి పట్టిన గోమారిని పట్టకారుతో తల దగ్గర పట్టి నిదానంగా పైకి లాగాలి. వేళ్ళతో చిదపకూడదు.