చెట్లెక్కే వేటగాడు
కాలోసోమా సైకోఫాంటా యూరప్ అడవుల్లోని నేల పెంకుపురుగు. బంగారు మెరుపు కలిసిన పచ్చని రెక్కల తొడుగులు, ముదురు నీలి మెడ దీని గుర్తులు. నేల పెంకుపురుగే అయినా చెట్లెక్కి గొంగళిపురుగులను వేటాడుతుంది. 1840ల్లో ఫ్రాన్స్‌లోని పువాటియేలో బ్వాజిరో అనే ఆయన వీటిని పట్టి తెచ్చి, జిప్సీ చిమ్మట గొంగళిపురుగులు మేసేస్తున్న పాప్లర్ చెట్ల మీద వదిలాడు. ఎంతో ముందుచూపున్న పని అది.

అదే చిమ్మట 1860ల చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ట్రూవెలో అనే ఆయన పెంపకం నుంచి తప్పించుకుని, చెట్లను మోడులు చేసింది. దాంతో 1905 నుంచి యూరప్ పెంకుపురుగులను తెప్పించి, పెంచి, అడవుల్లో వదిలారు. వీటి పిల్లపురుగులు కూడా కాండం మీదికి పాకి, గొంగళిపురుగు చర్మాన్ని చీల్చి లోపలి మెత్తని భాగాన్ని తింటాయి, ప్యూపాలనూ వదలవు. న్యూ ఇంగ్లాండ్‌లో ఈ జాతి నిలదొక్కుకుంది. చిమ్మట మాత్రం పూర్తిగా పోలేదు. గొంగళిపురుగులు విరివిగా ఉన్న ఏళ్లలోనే పెంకుపురుగులూ పెరుగుతాయి.