రాష్ట్ర ఎన్నికల సంఘం: స్థానిక ఎన్నికల స్వతంత్రత

పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాల ఎన్నికలను అధికార పార్టీ నీడ పడకుండా నడపడానికి రాజ్యాంగం ఏర్పరచిన వ్యవస్థ రాష్ట్ర ఎన్నికల సంఘం. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు చూసే కేంద్ర ఎన్నికల సంఘం వేరు, ఇది వేరు. ఓటర్ల జాబితా తయారీ మొదలు ఫలితాల ప్రకటన దాకా స్థానిక ఎన్నికల పర్యవేక్షణ, నిర్వహణ అంతా దీని బాధ్యతే.

గ్రామ పాలకుల ఎంపికలో పక్షపాతం చొరబడకూడదన్న ఆలోచన పాతదే. కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలు (సుమారు 919, 921) ఇందుకు చక్కని సాక్ష్యం. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసేవారు. సభ అంతా చూస్తుండగా ఒక చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. అంతకుముందు పదవి చేసి లెక్కలు అప్పజెప్పనివారూ, వారి దగ్గరి బంధువులూ పోటీకి అనర్హులు. తర్వాతి శతాబ్దాల్లో ఊరి అధికారం చాలాచోట్ల వంశపారంపర్య ఉద్యోగుల చేతికి చేరింది.

1882 నాటి రిపన్ తీర్మానం, 1884 నాటి చట్టాలతో మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానిక బోర్డులు రూపుదిద్దుకున్నాయి. 1920 తర్వాత బోర్డుల్లో నామినేషన్ అధికారం మంత్రి చేతికి వచ్చింది. అది బలగాన్ని కూడగట్టుకునే సాధనంగా మారింది. 1959లో నెహ్రూ షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించాక కూడా ఎన్నికలు పెట్టాలా, వాయిదా వేయాలా అన్నది ప్రభుత్వం ఇష్టమే.

ఈ స్థితిని మార్చినవి 1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు. 243కె అధికరణం ప్రకారం రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప ఆయన్ను తొలగించకూడదు. నియామకం జరిగాక సర్వీసు నిబంధనలను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఈ రక్షణ గట్టిదే. అయితే కమిషన్‌కు సొంత సిబ్బంది కొద్దిమందే. పోలింగ్ నడిపేది కలెక్టర్లు, ఎంపీడీవోలు, ఉపాధ్యాయులు. అంటే ప్రభుత్వ ఉద్యోగులు. స్వతంత్రతకు అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది.

2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో, తమ పరిధిలో రాష్ట్ర కమిషన్లకు కేంద్ర ఎన్నికల సంఘంతో సమానమైన అధికారాలున్నాయని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఘర్షణలు ఆగలేదు. 2008లో సభాహక్కుల ఉల్లంఘన పేరిట మహారాష్ట్ర శాసనసభ అక్కడి కమిషనర్ నందలాల్‌ను రెండు రోజులు జైలుకు పంపింది. 2013లో పశ్చిమ బెంగాల్ కమిషనర్ మీరా పాండే కేంద్ర బలగాల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి సాధించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో గడువు తీరిన పంచాయతీలకు 2013 జూలైలో గానీ ఎన్నికలు జరగలేదు. అప్పటిదాకా ఊళ్లను ప్రత్యేకాధికారులే ఏలారు.

ఈ చరిత్రలో అత్యంత తీవ్రమైన ఘట్టం 2020–21లో ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది. 2020 మార్చి 7న కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ స్థానిక ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు. నామినేషన్లను అడ్డుకుంటున్నారన్న ఆరోపణలు, పెద్దసంఖ్యలో ఏకగ్రీవాలు వివాదమయ్యాయి. మార్చి 15న కరోనా కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేసి, గుంటూరు, చిత్తూరు కలెక్టర్ల తొలగింపునకు ఆదేశించారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాయిదాలో జోక్యానికి కోర్టు నిరాకరించింది, ప్రవర్తనా నియమావళిని మాత్రం ఎత్తివేసింది.

ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తే అర్హుడన్న నిబంధన చేరింది. రమేశ్‌కుమార్ పదవి పోయింది. మర్నాడే మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి. కనగరాజ్ బాధ్యతలు చేపట్టారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. అయినా పునర్నియామకానికి జూలై చివరిదాకా పట్టింది. 2021 జనవరిలో పంచాయతీ నోటిఫికేషన్ రాగానే ప్రభుత్వమూ ఉద్యోగ సంఘాలూ ప్రతిఘటించాయి. జనవరి 25న సుప్రీంకోర్టు వారి వాదన తోసిపుచ్చింది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతల పోలింగ్ పూర్తయింది. 2018 ఆగస్టులో గడువు ముగిసిన పంచాయతీలకు ఎట్టకేలకు సర్పంచులు వచ్చారు. మార్చి 31న పదవీకాలం ముగిసేదాకా రమేశ్‌కుమార్ చూపిన పట్టుదల ప్రశంసనీయం.

ఆయన తర్వాత మాజీ ప్రధాన కార్యదర్శి నీలం సాహ్ని కమిషనర్ అయ్యారు. ఏప్రిల్ 8న పరిషత్ పోలింగ్ జరిగింది. పోలింగ్‌కు ముందు ప్రవర్తనా నియమావళి నాలుగు వారాలు అమల్లో ఉండాలన్న సుప్రీంకోర్టు ఆదేశం పాటించలేదంటూ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఎన్నికలను రద్దు చేశారు. ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టాక, సెప్టెంబరు 19న ఓట్లు లెక్కించారు.

అదే ఏడాది మార్చి 12న గోవా కేసు తీర్పు వచ్చింది. న్యాయశాఖ కార్యదర్శికే కమిషనర్‌గా అదనపు బాధ్యత ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుబట్టింది. ప్రభుత్వ పదవిలో ఉన్నవారెవరూ దేశంలో ఎక్కడా కమిషనర్‌గా ఉండరాదని ఆదేశించింది. వార్డుల రిజర్వేషన్ల ఖరారు మాత్రం చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ శాఖల చేతిలోనే ఉండిపోయింది. ఆ పనిని, వార్డుల విభజననూ కమిషన్‌కే అప్పగించాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లోనే సూచించింది. ముఖ్యమంత్రి, స్పీకర్, ప్రతిపక్ష నేత కలిసి కమిషనర్‌ను ఎంపిక చేయాలన్నదీ ఆ నివేదికలోని సిఫార్సే.