పుస్తకానికి చందా – నాడు, నేడు

కొన్న పుస్తకం కొన్నవాని సొత్తు. దానిని బీరువాలో దాచుకోవచ్చును, అంచులలో గుర్తులు వ్రాసుకోవచ్చును, స్నేహితునికి ఎరువివ్వవచ్చును, అవసరం తీరితే పాత పుస్తకాల అంగడిలో అమ్ముకోవచ్చును. ఇది ఎవరూ ప్రశ్నించని విషయం. అయితే 2009 జూలై నెలలో అమెరికాలో ఒక విచిత్రం జరిగినది. అమెజాన్ కంపెనీ వద్ద జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని ఎలక్ట్రానిక్ రూపంలో కొన్న పాఠకుల యంత్రాల నుండి ఆ పుస్తకాలు ఒక్కసారిగా మాయమైనవి. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు హక్కులు లేవని తెలిసి కంపెనీయే వాటిని దూరం నుండి తుడిచివేసినది. సొమ్ము తిరిగి ఇచ్చినది; తరువాత క్షమాపణ కూడా చెప్పినది. కాని '1984' నవలను పాఠ్యపుస్తకంగా చదువుతున్న ఒక హైస్కూలు విద్యార్థి తాను వ్రాసుకున్న గుర్తులన్నీ పనికిరాకుండా పోయినవని న్యాయస్థానానికి వెళ్ళాడు. ఆ వ్యాజ్యం అదే సంవత్సరంలో రాజీతో ముగిసినది.

ఆ పుస్తకాలు కొన్నవే, అద్దెకు తెచ్చినవి కావు. అయినా వాటిపై పాఠకుని అధికారం ఎంత స్వల్పమో ఆనాడు తెలిసివచ్చినది. నేడు అనేక సంస్థలు పుస్తకం అమ్మడం మాని, నెలకింత అని చందా తీసుకొని చదువుకోనిస్తున్నవి. ఈ పద్ధతి కొత్తదా? దీనివల్ల పుస్తకానికీ, రచయితకూ, పాఠకునికీ ఏమి మార్పు కలుగుతున్నది? ఇవి తెలుసుకొనవలెనంటే నాలుగు శతాబ్దాలు వెనుకకు పోవాలి.

ముందు సొమ్ము, తరువాత పుస్తకం

ఇంగ్లండులో చందాలతో వెలువడిన తొలి గ్రంథంగా జాన్ మిన్షూ నిఘంటువును చెబుతారు. పదకొండు భాషల మాటలను పోల్చి చూపే ఈ పెద్ద గ్రంథం 1617లో అచ్చయినది. 1715–1720 మధ్య అలెగ్జాండర్ పోప్ హోమరు 'ఇలియడ్'ను ఇంగ్లీషులోనికి అనువదించి, ఆరు సంపుటాలుగా సంపుటానికి ఒక గినీ చొప్పున, సుమారు 575 మంది చందాదారులకు అందించాడు. ఇక్కడ చందా అంటే ముందుగా చెల్లించిన వెల. పుస్తకం చేతికి వచ్చిన తరువాత అది చందాదారుని సొంతం. అచ్చు ఖర్చుకు భయపడే రచయితకు ఈ పద్ధతి పెట్టుబడిగా ఉపయోగపడినది.

రెండవ రకపు చందా గ్రంథాలయాలది. 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరంలో ఏభై మందిని కూడగట్టి, ప్రవేశానికి 40 షిల్లింగులు, ఆపైన ఏటా 10 షిల్లింగులు చొప్పున వసూలు చేసి ఒక గ్రంథాలయం స్థాపించాడు. విద్యుత్తుపై ఆయన చేసిన ప్రయోగాలను ఎరిగిన విద్యార్థులు ఈ ప్రయోగాన్ని కూడ గుర్తుంచుకోవాలి. ఒంటరిగా ఎవరూ కొనలేని పుస్తకాలను పలువురు కలిసి కొని చదువుకోవచ్చునని అది నిరూపించినది.

తెలుగుదేశంలోనూ ఈ సూత్రం ఫలించినది. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారుల అండతో చరిత్ర గ్రంథాలనే గాక, ప్రకృతి శాస్త్రాలకు చెందిన గ్రంథాలను కూడ తెలుగులో వెలువరించినది. శాస్త్రగ్రంథాలకు తెలుగులో అంగడి లేని కాలంలో చందాదారుడే వాటికి ఆధారమైనాడు.

మ్యూడీగారి మూడు సంపుటాలు

చందా పుస్తకపు ఆకారాన్నే మార్చగలదని చూపినది లండనులోని చార్లెస్ ఎడ్వర్డ్ మ్యూడీ గ్రంథాలయం. ఆయన 1842లో పుస్తకాలు అద్దెకివ్వడం ప్రారంభించాడు. సంవత్సరానికి ఒక గినీ, అనగా 21 షిల్లింగులు చెల్లించినవారు ఒక్కొక్కసారి ఒక్కొక్క సంపుటం తీసుకొనిపోవచ్చును. ఆనాడు కొత్త నవల వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. అంటే ఒక్క నవల కొనే సొమ్ముకంటె తక్కువకే ఏడాది పొడుగునా చదువుకోవచ్చును. సామాన్య గృహస్థులు మ్యూడీగారి అంగడికి బారులు తీరడంలో ఆశ్చర్యం లేదు.

ఆనాటి నవలలు సాధారణంగా మూడు సంపుటాలుగా ఉండేవి. దీనివల్ల మ్యూడీకి గొప్ప సౌకర్యం కలిగినది. ఒకే నవలను ఒకేసారి ముగ్గురికి ఇవ్వవచ్చును: ఒకరు మొదటి సంపుటం చదువుతుండగా మరొకరు రెండవది, ఇంకొకరు మూడవది. కనుక ప్రచురణకర్తలు మూడు సంపుటాల నవలలనే కోరేవారు. కథ రెండు సంపుటాలకే సరిపోయినా, రచయిత వర్ణనలతో, సంభాషణలతో సాగదీసి మూడవ దానిని నింపేవాడు. 1894లో మ్యూడీ, డబ్ల్యు. హెచ్. స్మిత్ గ్రంథాలయాలు రెండూ ఇంత వెల ఇక ఇవ్వలేమని ప్రకటించగానే కొద్ది సంవత్సరాలలోనే మూడు సంపుటాల నవల అంతరించినది. కథకుల అభిరుచి ఒక్కసారిగా మారిపోలేదు. మారినది లెక్క కట్టే పద్ధతి.

ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొంటే నేటి మార్పులను అర్థం చేసుకోవడం తేలిక.

కాగితం లేని పుస్తకం

1971 జూలై 4న ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోనికి ఎక్కించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాడు. గూటెన్‌బర్గ్ ప్రాజెక్టుకు అదే నాంది. అయితే మెరిసే తెరపై గంటల తరబడి చదవడం కంటికి శ్రమ. 1997లో ఏర్పడిన ఇ-ఇంక్ సంస్థ ఇందుకు మార్గం చూపినది. ఇందులో తెరనిండా వెంట్రుక మందమంత సూక్ష్మమైన గుళికలుంటవి. ఒక్కొక్క గుళికలో ద్రవం, అందులో విరుద్ధ విద్యుదావేశాలు గల తెల్లని, నల్లని రేణువులు ఉంటవి. విద్యుత్ క్షేత్రం దిశను బట్టి తెల్లవో నల్లవో పైకి తేలుతవి. పుట తిప్పినప్పుడే విద్యుత్తు ఖర్చు. తిప్పిన తరువాత అక్షరాలు వాటంతట అవే నిలిచి ఉంటవి. 2004లో జపానులో సోనీ కంపెనీ ఈ తెరతో ఒక యంత్రం విడుదల చేసినది. అందులోనికి తెచ్చుకొన్న పుస్తకం 60 రోజులకు గడువు తీరిపోయేది. 2007 నవంబరులో అమెజాన్ వారి కిండిల్ వచ్చిన తరువాత ఎలక్ట్రానిక్ పుస్తకం ఇంటి వస్తువైనది.

అచ్చు పుస్తకానికి లేని మూడు గుణాలు దీనికి కలవు. మొదటిది: ఒక ప్రతి ఉంటే లక్ష ప్రతులు చేయడానికి దాదాపు ఖర్చు లేదు. రెండవది: పుస్తకం సంకేతలిపిలో బంధింపబడి ఉంటుంది, దానిని విప్పే తాళంచెవిని సంస్థ పంపుతుంది. చందా ఆగితే తాళంచెవీ ఆగుతుంది. మూడవది: పాఠకుడు ఎన్నవ పుట వరకు వచ్చాడో యంత్రం సంస్థకు తెలియజేయగలదు. అచ్చు పుస్తకం అమ్మినవానికి కొన్నవాడు మొదటి పుటయినా తెరిచాడో లేదో తెలియదు. ఈ మూడు గుణాలు కలవడం వల్లనే నెలచందా సాధ్యమైనది.

భోజన హోటలు లెక్క

సాంకేతిక గ్రంథాలకు ఈ పద్ధతి ముందుగా వచ్చినది. ఓరైలీ, పియర్సన్ సంస్థలు కలిసి 2001లో సఫారీ అనే చందా గ్రంథాలయాన్ని నెలకొల్పినవి. 2017లో ఓరైలీ సంస్థ తన సొంత అంగడిలో విడి పుస్తకాల అమ్మకం మాని చందానే ఆశ్రయించినది. కంప్యూటరు గ్రంథాలు త్వరగా పాతబడతవి కనుక అక్కడ సొంత ప్రతికంటె తాజా ప్రతి ముఖ్యం.

కథలు, నవలల విషయంలో కథ వేరుగా నడిచినది. 2013లో ఆయిస్టర్, స్క్రిబ్డ్ అనే రెండు అమెరికా సంస్థలు నెలకు తొమ్మిది, పది డాలర్లకు ఎన్ని పుస్తకాలైనా చదువుకోవచ్చునన్నవి. పాఠకుడు పుస్తకంలో కొంత భాగం దాటి చదివితే ప్రచురణకర్తకు ఆ పుస్తకానికి దాదాపు పూర్తి వెల చెల్లించేవి. ఇది భోజన హోటలు వ్యాపారం వంటిది. టిక్కెట్టు వెల అందరికీ ఒక్కటే. మితంగా తినేవారివల్ల మిగిలినది, ఎక్కువ తినేవారికి సరిపోవాలి. ఉదాహరణకు చందా 9 డాలర్లు, పుస్తకం వెల 4 డాలర్లు అనుకొందాం. నెలకు రెండు పుస్తకాలు చదివే పాఠకుని వల్ల సంస్థకు ఒక డాలరు మిగులుతుంది. మూడు చదివితే 3 డాలర్లు నష్టం. పది చదివితే 31 డాలర్లు నష్టం. అనగా చదువరి ఎంత మంచి చదువరి అయితే సంస్థకు అంత భారం.

సరిగా ఇదే జరిగినది. ప్రేమకథల పాఠకులు అంచనాకు మించి చదవడంతో 2015లో స్క్రిబ్డ్ ఆ రకపు నవలలను పెద్దసంఖ్యలో జాబితా నుండి తొలగించినది. 2016లో నెలకు మూడు పుస్తకాలే అని హద్దు పెట్టి, 2018లో మళ్ళీ సడలించినది. ఆయిస్టర్ 2015లో మూసివేత ప్రకటించి మరుసటి ఏడాది ఆరంభంలో నిలిచిపోయినది.

పుటల లెక్క

2014 జూలైలో అమెజాన్ నెలకు 9.99 డాలర్లకు 'కిండిల్ అన్‌లిమిటెడ్' ప్రారంభించినది. 2015లో అది భారతదేశానికీ వచ్చినది. ఇందులో సొంతంగా ప్రచురించుకొనే రచయితలకు పుస్తకపు వెల ఇవ్వరు. నెలకొక నిధిని కేటాయించి అందరికీ పంచుతారు. పైగా ఇందులో చేరిన పుస్తకాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో మరెక్కడా ఇవ్వరాదని నియమం.

మొదట పాఠకుడు పుస్తకంలో పదో వంతు చదివితే ఒక వాటా ఇచ్చేవారు. పుస్తకం చిన్నదైనా పెద్దదైనా వాటా ఒక్కటే. 300 పుటల నవలకు 30 పుటలు చదవాలి. 20 పుటల చిరుపుస్తకానికి రెండు పుటలు చాలు. ఫలితం ఊహించదగినదే: చిరుపుస్తకాలు వెల్లువగా వచ్చినవి, పెద్ద నవలలు ముక్కలైనవి. 2015 జూలై 1 నుండి చదివిన పుటను బట్టి చెల్లించే నియమం వచ్చినది. పుటకు సుమారు అర సెంటు. అప్పుడు 20 పుటలకు 10 సెంట్లు, 300 పుటలకు ఒకటిన్నర డాలరు. వెంటనే గాలి ఎదురు తిరిగినది. కొందరు పాత కథలను చివర అతికించి పుస్తకాన్ని వేల పుటలకు పెంచినారు. యంత్రం చదివిన పుటలను గాక, చేరిన చివరి పుటను మాత్రమే లెక్కించడం గమనించి, మొదటి పుట నుండి చివరకు దూకే మార్గం పెట్టినవారు కూడా ఉన్నారు. కంపెనీ ఒక పాఠకునికి ఒక పుస్తకంలో 3,000 పుటలకు మించి లెక్కించమని హద్దు పెట్టినది. నియమాలు కఠినం చేసినది.

మ్యూడీ నాడు మూడవ సంపుటం నింపిన రచయితకూ, నేడు పుటలు పెంచిన రచయితకూ తేడా స్వల్పమే. భౌతిక శాస్త్రంలో కొలిచే సాధనం కొలవబడే వస్తువును కొంత మార్చుతుందని విద్యార్థులు చదువుతారు. పుస్తక వ్యాపారంలోనూ అంతే.

లాభం, నష్టం

చందావల్ల మేలు లేకపోలేదు. పుస్తకాల అంగడి లేని ఊరిలోని పాఠకునికి సెల్‌ఫోనులోనే గ్రంథాలయం దొరికినది. ప్రచురణకర్త దొరకని కొత్త రచయితకు పాఠకులు లభించినారు. 2010లో హైదరాబాదులో మొదలైన కినిగె తెలుగు పుస్తకాలను అమ్మడమే గాక అద్దెకు కూడ ఇచ్చినది. మన దేశ ప్రభుత్వం 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించినది. 2025 నుండి మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. పెద్ద సంస్థలకే అందే పత్రికలు చిన్న పట్టణపు ప్రభుత్వ కళాశాలకు కూడ అందడం సామాన్య విషయం కాదు. ఫ్రాంక్లిన్ సూత్రమే ఇక్కడ దేశమంతటికీ విస్తరించినది.

నష్టం నిలకడ విషయంలో కలదు. 2011లో హార్పర్ కాలిన్స్ సంస్థ గ్రంథాలయాలకిచ్చిన ఎలక్ట్రానిక్ పుస్తకం 26 సార్లు ఎరువిచ్చిన తరువాత చెల్లదని, మళ్ళీ కొనాలని నియమం పెట్టినది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల అంగడి మూసివేయగా, కొన్న పుస్తకాలు కూడ పాఠకులకు దక్కలేదు. సొమ్ము మాత్రం తిరిగి వచ్చినది. విజ్ఞానచంద్రికా మండలి నేడు లేదు. కాని దాని చందాదారులు దాచిన ప్రతులు గ్రంథాలయాలలో మిగిలినవి. వాటిని నేటికీ తెరిచి చదవవచ్చును. నేటి చందా సంస్థ రేపు మూతపడితే చందాదారుని వద్ద మిగిలే ప్రతి ఏది?

అందుచేత పాఠశాలలో రెండూ ఉండటం మేలు. విస్తారంగా చదవడానికి, కొత్త విషయాలు తెలుసుకోవడానికి చందా. పదే పదే అవసరమయ్యే గ్రంథాలకు బీరువాలో సొంత ప్రతి. తెరపై చదివినప్పుడు వ్రాసుకొనే గుర్తులను వేరుగా ఒక నోటుబుక్కులో ఎక్కించుకోవడం విద్యార్థికి మంచి అలవాటు. ఆ నోటుబుక్కును దూరం నుండి తుడిచివేయడం ఎవరి తరమూ కాదు.