చెరువు కట్ట - జేజి చెప్పిన కథ, రాయి చెప్పిన లెక్క

మన పూర్వులు మానవునకు సంతానము ఏడు విధములని చెప్పిరి. పుత్రుడు, కావ్యము, నిధి, దేవాలయము, వనము, తటాకము, అగ్రహారము అనునవి సప్తసంతానములు. కన్నకొడుకు నూరేండ్లు బ్రతికిన అదియే గొప్ప. కట్టించిన చెరువు ఆరువందల యేండ్లు దాటియు నిలిచి, నేటికిని నీరిచ్చుచున్న తావులు మన దేశమున కలవు. అయితే కొడుకునకు తండ్రి యెవరో ఊరెల్ల ఎరుగును. చెరువును కన్నవారెవ్వరని యడిగినచో ఊరిలో ఒక్కొక్క యింట ఒక్కొక్క సమాధానము వచ్చును.

రాయలసీమ పల్లెలలో వెన్నెల రాత్రి ఆరుబయట పండుకొన్న పిల్లవాడు, "జేజీ, ఇంత పెద్ద కట్ట ఎవరు కట్టినారు?" అని యడుగును. "మనుషులు కట్టగలరా నాయనా? దేవతలు రాత్రికి రాత్రి కట్టినారు. తెల్లవారి కోడి కూయగానే తట్టలు పారవేసి వెళ్లిపోయినారు" అని ముదుసలి చెప్పును. కట్ట ప్రక్కనున్న గుట్టను చూపి, అది ఆ తట్టలనుండి రాలిన మన్నే యని కూడ చెప్పును. మరి నాలుగు వాకిళ్ల అవతల వడ్డెవారి యింట కథ వేరు. "మా అబ్బకు అబ్బ ఈ కట్టకు రాళ్లు మోసినాడు" అని వారందురు. ఈ రెంటిలో ఏది నిజము? పిల్లవాడు పెద్దవాడై, తానును తాతయై, ఆ సందేహముతోనే కాలము గడుపును.

ఈ సందేహమునకు కడపసీమలోని పోరుమామిళ్లలో ఒక రాయి సమాధానము చెప్పుచున్నది. అచ్చటి భైరవాలయము నెదుట నిలిపిన శిలాశాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తు శకము 1369 నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఉదయగిరి నుండి ఆ ప్రాంతమును ఏలుచు ఈ చెరువును కట్టించెను. దానికి అనంతరాజ సాగరమని పేరు. దాన శాసనములు సాధారణముగ దాత వంశమును, భూమి యెల్లలను చెప్పి ముగియును. ఈ శాసనము అంతటితో ఆగక, చెరువు కట్టుటెట్లో సంస్కృత శ్లోకములలో బోధించుచున్నది. అందుచేత ఇది రాతిపై చెక్కిన పాఠ్యగ్రంథమనదగియున్నది.

మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని ఆ శాసనము చెప్పును. ధర్మపరుడును ధనవంతుడునగు ప్రభువు ఉండవలెను. జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు ఉండవలెను. గట్టి బంకమట్టి నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నది, ఆ నదిని ఇరుప్రక్కల ఒరసియున్న కొండ, ఆ కొండ చీలిక నడుమ మిక్కిలి పొడవు కాక దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని, దిగువను సమమైన సారవంతపు పొలము మొదలైనవి తక్కిన సాధనములు. పండ్రెండవ సాధనము పని నేర్చిన జనము. ప్రభువుతో మొదలైన పట్టిక పనివానితో ముగియుచున్నది. వీరిద్దరిలో ఎవరు లేకున్నను చెరువు లేదని దీని భావము.

దోషములు ఆరు. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పారవలసిన భూమి అధికమగుట, నీరు అధికమై భూమి కొంచెమగుట అనునవి ఆ దోషములు. వీనిలో మూడవదానిని చదివినప్పుడు, పొలిమేర తగాదాలెరిగిన ఏ గ్రామస్థునకైనను చిరునవ్వు రాక మానదు. ఆ శ్లోకములు చేసినవారు మన్నును, నీటినే గాక మనుష్యుని కూడ ఎరిగినవారు.

కట్టిన విధమును పరిశీలించినచో ఆశ్చర్యము తగ్గకపోగా హెచ్చును. పోరుమామిళ్ల చెరువునకు ఒక ప్రక్క నాలుగు కొండలు సహజముగనే గోడవలె నిలిచియున్నవి. పూర్వులు చేసినదెల్ల ఆ కొండల నడుమనున్న మూడు సందులను కట్టలతో మూయుట. కొండలతో కూడ మొత్తము పొడవు సుమారు 14,000 అడుగులు కాగా, మనుష్యులు కట్టినది సుమారు 4,500 అడుగులు మాత్రమే. మూడింట రెండు పాళ్లు పని భగవంతుడే చేసిపెట్టెను. తక్కినది ఎక్కడ చేయవలెనో కనిపెట్టుటయే వారి విద్య. ఆ దృష్టితో చూచినచో, దేవతలు కట్టిరన్న జేజి మాట కూడ కేవలము అబద్ధము కాదు. మట్టికట్టను అలలు కోయకుండ లోపలివైపు కడప రాతిబండలు పరచిరి. మిగులునీరు కట్టపై పొర్లక ప్రక్కనుండి పోవుటకు అలుగులును, పొలమునకు నీరు వదలుటకు తూములును అమర్చిరి.

ఇక లెక్క. ప్రతిదినము వేయిమంది కూలివారు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు తిరిగెననియు, రెండేండ్లకు పని ముగిసెననియు శాసనము చెప్పుచున్నది. రెండేండ్లకు 730 దినములు. పండుగలును, వానదినములును నూటముప్పది తీసివేసినను ఆరువందల దినములు మిగులును. దినమునకు వేయిమంది చొప్పున ఆరులక్షల కూలిదినములు. రాత్రికి రాత్రి కాదు, ఆరులక్షల పగళ్లు!

కాని ఆ వేయిమందిలో ఒక్కని పేరును రాతిపై లేదు. బండ కాలిపై పడిన వాడెవడు? చంటిబిడ్డను చెట్టుకొమ్మ ఉయ్యాలలో పరుండబెట్టి మన్ను మోసిన తల్లి యెవతె? ఆ లెక్కను రాయి వ్రాయలేదు. ఇండ్లలోని ముదుసలులు వ్రాసికొనిరి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము కట్ట తెగబోయినప్పుడు ముసలమ్మ యను ఇల్లాలు ఊరికొరకు ప్రాణమిచ్చెనను గాథను జనులు తరతరములుగ చెప్పికొనిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో దానినే 'ముసలమ్మ మరణము' కావ్యముగ రచించిరి. కట్ట నిలుచుటకు ఇంటిమనిషి యొకరు తమను తాము ఇచ్చికొనవలసి వచ్చిననుటలో, నాటి పల్లెల భయమును త్యాగమును మూర్తీభవించియున్నవి.

ఓరుగల్లు సీమలోని పాలంపేటను చూడుడు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో అచ్చట రుద్రేశ్వరాలయమును నిలిపెను. శాసనమున నున్నది ఆ సేనాని పేరు. విమానమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. అట్టి ఇటుకలు చేసినవారి పేళ్లు శాసనమున లేవు. అయినను జనులు ఆ గుడిని రామప్ప గుడియనియే పిలుచుచున్నారు. రామప్ప యనగా దానిని చెక్కిన శిల్పియని ప్రతీతి. 2021లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినప్పుడును ఆ పేరు దానిని వీడలేదు. రాయి ప్రభువును తలచినది; నాలుక పనివానిని తలచినది.

కావున పిల్లవాని ప్రశ్నకు రెండు సమాధానములును కావలెను. ఎట్లు కట్టిరో రాయి చెప్పును. ఎంత కష్టపడి కట్టిరో ఇల్లు చెప్పును. శాసనమును చదువక కథనే నమ్మినవాడు పూర్వుల విద్యను పోగొట్టుకొనును. కథను త్రోసి శాసనమునే పట్టుకొన్నవాడు పూర్వుల చెమటను మరచును.

రాయికి తొందర లేదు. పోరుమామిళ్ల చెరువునకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వ కట్టడమను గౌరవమిచ్చినది. శాసనమును పండితులు ఎప్పుడో అచ్చువేయించిరి. తొందర అంతయు ఇండ్లలోని నాలుకలకే. కట్ట గండిపడిన యేడు గంపలు మోసిన ముదుసలి, తూము ఎప్పుడెత్తవలెనో గాలిని బట్టి చెప్పగల నీరుగంటి, బండకు బండ ఎట్లు కూర్చవలెనో ఎరిగిన వడ్డె పెద్ద - వీరు పోయినచో వారి గ్రంథము కాలిపోయినట్లే. గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగ ఇతరులు వ్రాసిన పుస్తకములు చేరినవి. ఇకమీదట ఒక బీరువాలో వ్రాయని కాగితముల పుస్తకమొకటి యుంచి, చదువు నేర్చిన మనుమలు తమ యింటి పెద్దల మాటలను, చెప్పినవారి పేళ్లతో సహా, అందు వ్రాయుదురు గాక. వేయిమందిలో ఒక్కరి పేరైనను ఈసారి మిగులవలెను.